ఒకే లేజర్‌తో రెండు యంత్రాల లెక్క కుదరదు

సంపాదకుల వారికి,

నమస్కారం. ఫ్యాబ్రికేషన్ షెడ్లు నడిపేవారు లోహం కోసే లేజర్ యంత్రం కొనాలనుకున్నప్పుడు మొదట తగిలే ప్రశ్న ఒకటే. షీటూ పైపూ రెండూ కోసే కాంబో యంత్రం తీసుకోవాలా, లేక షీటుకు ఒకటి, పైపుకు ఒకటి విడిగా తీసుకోవాలా? అమ్మేవారి మాట ఎప్పుడూ ఒకటే: "ఒక యంత్రం ధరకు కాస్త కలిపితే రెండు యంత్రాల పని." ఈ మాటలో సగమే నిజం. మిగతా సగం యంత్రం షెడ్డులో దిగాక, మొదటి పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు బయటపడుతుంది. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్, గాజువాకల్లో ఈ పనిలో ఉన్నవారికి పనికొస్తుందని కొన్ని లెక్కలు రాస్తున్నాం.

ముందు యంత్రం సంగతి. కాంబోలో ఉండేది ఒక లేజర్ సోర్సు (కిరణాన్ని పుట్టించే పెట్టె), ఒక కటింగ్ హెడ్ (ఆ కిరణాన్ని లోహం మీదికి వదిలే భాగం), ఒక గ్యాంట్రీ (హెడ్‌ను మోసే దూలం). 3000 × 1500 మి.మీ. బెడ్ పక్కన పైపును పట్టి తిప్పే చక్‌లు బిగిస్తారు. గ్యాంట్రీ దూలాన్ని ఆ పక్కకు కొంచెం పొడిగిస్తారు. హెడ్ ఇటు ఉంటే షీటు తెగుతుంది, అటు వెళితే పైపు తెగుతుంది. రెండూ ఒకేసారి తెగవు. ఇంత తేలిక విషయం కూడా బ్యాంకుకిచ్చే ప్రాజెక్టు రిపోర్టుల్లో కనబడదు. రోజుకు ఎనిమిది గంటల షీటు ఉత్పత్తి ఒక వరుసలో, ఎనిమిది గంటల పైపు ఉత్పత్తి మరో వరుసలో రాసి, రెండూ కూడి, ఆ మొత్తం మీద వాయిదా కట్టగలమని చూపిస్తారు. పత్రం మీద ఒక షిఫ్టుకు పదహారు గంటలు వచ్చేస్తాయి.

కాబట్టి ధరల పట్టిక తెరిచే ముందు ఒక నెల జాబ్ కార్డులు ముందేసుకోండి. షీటు మీద ఎన్ని గంటల కటింగ్, పైపు మీద ఎన్ని గంటల కటింగ్ అన్నది విడివిడిగా రాయండి. ఇప్పుడు బయట జాబ్ వర్క్‌కు ఇస్తున్నట్లయితే వాళ్ల బిల్లుల్లోని మీటర్లు, కన్నాల లెక్క చూసి గంటలు కట్టొచ్చు. ఉదాహరణకు వారానికి యంత్రం 45 గంటలు నడుస్తుందనుకుందాం. షీటు పని 30 గంటలు, పైపు పని 12 గంటలు. రోజుకు ఒకసారి షీటు నుంచి పైపుకు, ఒకసారి పైపు నుంచి షీటుకు మారితే, ఒక్కో మార్పుకు 15 నిమిషాల చొప్పున ఆరు రోజులకు 3 గంటలు. మొత్తం సరిగ్గా 45. కాంబోకు ఇది సరిపోయే పని, కానీ అందులో ఊపిరి తీసుకునే సందు లేదు. అదే పైపు పని 25 గంటలైతే మార్పుల సమయం కలిపి 58 అవుతుంది. రెండో షిఫ్టు పెట్టాలి, లేదా ఒక పార్టీకి వాయిదా చెప్పాలి. మా అంచనాలో మొత్తం గంటల్లో పైపు వాటా నాలుగోవంతు లోపు ఉంటే కాంబో హాయిగా నడుస్తుంది. మూడోవంతు దాటితే రోజూ పేచీయే.

15 నిమిషాలన్నది మందకొడి ఆపరేటరు లెక్క కాదు. షీటు నుంచి పైపుకు మారినప్పుడు నాజిల్ (హెడ్ చివరి మూతి) మార్చాలి, కరిగిన లోహాన్ని ఊదేసే గ్యాసు పీడనం మార్చాలి, నాజిల్ ఎత్తును కొలిచే సెన్సరుకు మళ్లీ క్యాలిబ్రేషన్ చేయాలి, పైపు సైజుకు చక్ దవడలు సర్దాలి, పైపు మధ్య గీత ఎక్కడుందో యంత్రానికి చూపించాలి, పైపు కింద ఆనుకునే రోలర్ల ఎత్తు మార్చాలి. వీటిలో ఏది దాటేసినా మొదటి పైపు స్క్రాపే.

ఇక పైపు వైపు వేగం. ఇక్కడ మోసమేమీ లేదు, జ్యామితే అడ్డం. రౌండ్ పైపు తిరుగుతుంటే హెడ్ పైకీ కిందికీ కదలనక్కర్లేదు. చతురస్ర బాక్స్ పైపు అలా కాదు. 100 × 100 పైపు మధ్య నుంచి పక్కకు 50 మి.మీ., మూలకు అంతకంటే ఎక్కువ. మూల గుండ్రం 6 మి.మీ. అనుకుంటే ఆ దూరం దాదాపు 68 మి.మీ. అంటే పైపు తిరిగే ప్రతి పావు చుట్టులోనూ హెడ్ 18 మి.మీ. పైకి లేచి మళ్లీ దిగాలి, నాజిల్‌కూ లోహానికీ మధ్య ఒక మిల్లీమీటరు సందు మాత్రం చెదరకుండా. పైపు కోసమే చేసిన యంత్రంలో ఈ నిలువు కదలికకు బలమైన మోటారు, తేలికైన హెడ్ అమరిక పెడతారు. కాంబోలో ఆ నిలువు అక్షం షీటు కోసం తయారైంది. షీటు మీద అది పైకీ కిందికీ పెద్దగా కదలదు కదా! దానితో మూలల దగ్గర వేగం తగ్గించక తప్పదు. తగ్గించినా పవరు తగ్గకపోతే మూల కాలి గుండ్రటి గుంట పడుతుంది. కార్నర్ పారామీటర్లు (మూలల దగ్గరి పవరు, వేగం సెట్టింగులు) విడిగా సర్దడం తెలిసిన ఆపరేటరుంటే ఈ కాలడం చాలా వరకు పోతుంది, కానీ వేగం తిరిగి రాదు. చక్ తిరిగే వేగం కూడా కాంబోల్లో సాధారణంగా తక్కువే. 25 × 25 లాంటి చిన్న పైపుల మీద ఈ తేడా అంతగా తెలియదు. సైజు పెరిగేకొద్దీ తెలుస్తుంది.

అందరూ వదిలేసేది తోక ముక్క లెక్క. చక్ పట్టుకున్న చివరి భాగం హెడ్ కిందికి రాలేదు. రెండు చక్‌ల కాంబోలో 200 నుంచి 300 మి.మీ. దాకా మిగిలిపోతుంది. మూడు చక్‌ల ప్రత్యేక యంత్రంలో ఒక చక్ నుంచి మరొకటి పైపును అందుకుంటుంది కాబట్టి ఆ మిగులు చాలా తక్కువ. 250 మి.మీ. అంటే 6 మీటర్ల పైపులో నాలుగు శాతం, పోనీలే అనిపిస్తుంది. అయితే మీ ముక్క పొడవును బట్టి ఈ నష్టం సున్నా కావచ్చు, పదిహేడు శాతమూ కావచ్చు. ముక్క 930 మి.మీ. అనుకోండి. ఆరు ముక్కలకు 5580. కాంబోలో వాడుకోగలిగే 5750లో ఆరూ వస్తాయి. ప్రత్యేక యంత్రంలోనూ ఆరే. తేడా లేదు. ముక్క 990 అయితే? ఆరింటికి 5940 కావాలి. తోక దాదాపు మిగల్చని యంత్రంలో ఆరు వస్తాయి, కాంబోలో ఐదే. ఆరో ముక్క, తోకతో సహా 1050 మి.మీ. పక్కకు పోతుంది. 50 × 50 × 2 పైపు మీటరుకు దాదాపు 2.9 కిలోలు. రోజుకు 60 పైపులు కోస్తే ఒక్కో పైపుకు ఒక ముక్క చొప్పున సుమారు 170 కిలోల సరుకు తేడా వస్తుంది. దాన్ని ఆనాటి స్టీలు ధరతో గుణించి, స్క్రాప్ ధర తీసేసి, నెలకు కట్టి చూడండి. ఆ మిగులులోంచి చిన్న బ్రాకెట్లు తీసే పని మీ దగ్గరుంటే నష్టం తగ్గుతుంది, లేదంటే లేదు. పెద్ద ఆర్డరైతే పైపు మిల్లును 6.2 మీటర్ల పొడవు ఇమ్మని అడగొచ్చు. కానీ ఆ పొడవు మీ యంత్రంలో పడుతుందో లేదో ముందు చూసుకోవాలి.

అందుకే మీరు ఎక్కువగా చేసే పది వస్తువుల ముక్క పొడవులు రాసుకుని, ఒక్కోదానికీ ఈ భాగహారం చేయండి. అరగంట పని. యంత్రం ఎంపిక సగం అక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు అసలు పైపు లేజర్ అవసరమా అన్న సంగతి. పైపును నిట్టనిలువుగా కోసి, రెండు కన్నాలు వేసే పనైతే బ్యాండ్ సా, డ్రిల్లింగ్ యంత్రం చాలు. లేజర్ విలువ తెలిసేది ఇతర చోట్ల: రౌండ్ పైపును మరో రౌండ్ పైపు మీద కూర్చోబెట్టే చేపనోటి కోత, 45 డిగ్రీల మైటర్లు (మూల కలిపే వాలు కోతలు), నాలుకా గాడీ జాయింట్లు, ఒకే పైపును మూడు వైపులా కోసి మడిచి ఫ్రేము చేయడం. నాలుకా గాడీ పెడితే వెల్డింగ్ జిగ్ (ముక్కలను కదలకుండా పట్టి ఉంచే చట్రం) ఖర్చు తగ్గుతుంది, ఫిట్టరు కొలతలు తీసే పని తగ్గుతుంది. జిమ్ పరికరాలు, స్కూలు బెంచీలు, ఆసుపత్రి మంచాలు, రెయిలింగులు చేసేవారికి లాభం వచ్చేది ఇక్కడే. ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డులు, లిఫ్టు క్యాబిన్లు, కిచెన్ పరికరాలు చేసేవారికి పని అంతా షీటులోనే. వారు కాంబో వైపు చూడాల్సిన పనే లేదు. అదే డబ్బు షటిల్ టేబుల్‌కు (ఒక బల్ల మీద కోత సాగుతుండగా రెండోదాని మీద సరుకు దించి ఎక్కించే జంట బల్లలకు) పెట్టడం మేలు.

షటిల్ టేబుల్ లేని కాంబోలు మార్కెట్లో చాలానే ఉన్నాయి. 3000 × 1500 × 3 మి.మీ. ఎం.ఎస్. (మామూలు ఉక్కు) షీటు 106 కిలోలు, 10 మి.మీ. అయితే 353 కిలోలు. తెగిన ముక్కలు ఏరి, అస్థిపంజరం లాంటి మిగులు షీటు తీసి, కొత్తది ఎక్కించేదాకా లేజర్ ఖాళీగా ఉంటుంది. పల్చని షీటు పది నిమిషాల్లో తెగి, దించి ఎక్కించడానికి మరో పది పడితే సగం రోజు ఖాళీయే. రెండు బల్లలుంటే బల్ల మారడానికి అర నిమిషం కూడా పట్టదు. పైపు చక్‌ల కోసం షటిల్ టేబుల్ వదులుకోవడం మా దృష్టిలో చాలామందికి నష్టపు బేరం.

కొలతల ఖచ్చితత్వం గురించి. కాంబోలో చక్‌లు, బెడ్ ఒకే ఫ్రేము మీద లేదా ఒకదానికొకటి బిగించిన ఫ్రేముల మీద ఉంటాయి. మందమైన ప్లేటు గంటల తరబడి కోస్తే ఆ వేడికి ఫ్రేము కొద్దిగా లాగుతుంది. చక్ మధ్య గీత గ్యాంట్రీ కదిలే గీతకు సమాంతరంగా ఉండకపోతే పైపు చుట్టూ వేసిన కోత మొదలూ చివరా కలవవు, మెట్టు పడుతుంది. తప్పు ఎప్పుడూ యంత్రానిదే అనలేం. మార్కెట్లో దొరికే బాక్స్ పైపు 50 అన్నా అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. కొంత వంపు, కొంత మెలిక సహజం. ఈ.ఆర్.డబ్ల్యూ. పైపులో (ఉక్కు పట్టీని చుట్టి విద్యుత్తుతో అతికిన పైపులో) వెల్డు గీత లోపల పూస కట్టి ఉంటుంది. 2 మి.మీ. గోడకు సెట్ చేసిన పారామీటరుతో ఆ గీత మీద కన్నం పడితే అక్కడ తెగకుండా చిన్న వంతెన మిగులుతుంది. ఖరీదైన ప్రత్యేక యంత్రాల్లో వెల్డు గీతను కెమెరా పట్టుకుంటుంది. కాంబోలో ఆపరేటరే సుద్దతో గుర్తు పెట్టి, ఆ గీత కన్నాలు లేని వైపు వచ్చేలా ప్రతి పైపూ ఎక్కించాలి. ఇది అలవాటు చేయకపోతే ఎవరి తప్పో తేలని రిజెక్షన్లు వస్తుంటాయి.

పల్చని ఎస్.ఎస్. (స్టెయిన్‌లెస్ స్టీలు) రెయిలింగ్ పైపు ఎక్కించేటప్పుడు చక్ గాలి పీడనం తగ్గించాలి. 5 మి.మీ. గోడ పైపుకు పెట్టిన పీడనంతోనే ఒక మిల్లీమీటరు పైపును పడితే నొక్కుకుపోతుంది, దవడల గీతలు పడతాయి. మెరుపు పాలిష్ మీద ఆ గీతలు బఫింగ్ చేసినా పూర్తిగా పోవు. కోత పడిన వైపుకు ఎదురుగా పైపు లోపలి గోడకు కరిగిన లోహపు చుక్కలు అంటుకుంటాయి. లోపల మరో పైపు దూరాల్సిన పనైతే దీన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి. యాంగిల్, చానల్ కోస్తామని బ్రోచర్‌లో రాసి ఉన్నా, వాటికి వేరే దవడలు కావాలి. అవి ధరలో కలిసి ఉన్నాయో లేదో రాతలో అడగండి.

బరువు కూడా చూసుకోవాలి. 100 × 100 × 5 పైపు ఆరు మీటర్లకు 86 కిలోల దాకా తూగుతుంది. కాంబోలో ఎక్కించేది మనుషులే, లేదా క్రేను. పైపు మధ్యలో కుంగకుండా పైకీ కిందికీ కదిలే ఆధారాలు ప్రత్యేక యంత్రాల్లో ఎక్కువ ఉంటాయి. మామూలు రోలర్లు మాత్రమే ఉన్నచోట పొడవాటి పైపు తిరిగేటప్పుడు ఊగుతుంది, ఆ ఊగుడు కన్నాల స్థానాల్లో కనబడుతుంది.

గ్యాసు, గాలి, నీళ్ల ఖర్చులు రెండు రకాల యంత్రాలకూ ఒకటే అయినా లెక్క తప్పేవారు ఎక్కువ కాబట్టి క్లుప్తంగా. 1.5 మి.మీ. నాజిల్‌తో 14 బార్ నైట్రోజన్ వదిలితే గంటకు సుమారు 18 నుంచి 20 ఘనమీటర్లు పోతుంది. 7 ఘనమీటర్ల సిలిండరు ఇరవై నిమిషాలకే ఖాళీ. ఎస్.ఎస్. పని నిత్యం ఉంటే ద్రవ నైట్రోజన్ నిలవుంచే పెద్ద డ్యూరా సిలిండరు తప్పదు. 1000 లీటర్లు దాటిన స్థిర ట్యాంకు పెడితే పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు కావాలి. పల్చని ఎం.ఎస్.ను కంప్రెసర్ గాలితో కోయొచ్చు, కానీ గాలిలో నూనె, తేమ లేకుండా డ్రయ్యరు, ఫిల్టర్లు ఉండాలి. లేకపోతే హెడ్‌లోని ప్రొటెక్షన్ గ్లాసులు వరసగా కాలుతాయి.

విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు వారికి ప్రత్యేకంగా ఒక మాట. 35 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న రోజున గాలిలోని ఆవిరి దాదాపు 28.7 డిగ్రీల దగ్గరే నీరవుతుంది. చిల్లరు (లేజర్‌ను చల్లబరిచే యంత్రం) నీటిని 22 డిగ్రీలకు పెట్టి, సోర్సు క్యాబినెట్ తలుపు తీసి ఉంచితే, చల్లటి గొట్టాల మీద చెమటలు పట్టినట్టే సోర్సు లోపలా నీటిబిందువులు పడతాయి. సోర్సులో కాంతి పుట్టించే డయోడ్లు పోయేది అందుకే. సోర్సున్న క్యాబినెట్‌కు ఏసీ ఉండాలి, తలుపు మూసి ఉండాలి, పొద్దున్న యంత్రం వేసేటప్పుడు ముందు ఏసీ, కాసేపయ్యాక చిల్లరు, ఆఖరున లేజర్. కాంబోలో సోర్సు పోతే షీటూ ఆగుతుంది, పైపూ ఆగుతుంది. సోర్సు రిపేరుకు వెళితే వారాలు పట్టొచ్చు. విడి యంత్రాలున్నవారికి కనీసం ఒకటి నడుస్తుంది.

భద్రత విషయంలో మాకు గట్టి అభ్యంతరమే ఉంది. ఫైబర్ లేజర్ కిరణం 1.07 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, కంటికి కనబడదు, నేరుగా రెటీనా దాకా వెళ్తుంది. షీటు వైపు క్యాబిన్ కట్టి, పైపు వైపు తెరిచి వదిలేసిన కాంబోలు తిరుగుతున్నాయి. పాత సీఓ2 లేజర్ల దగ్గర వాడిన పారదర్శక ప్లాస్టిక్ కళ్లద్దాలు ఈ కిరణాన్ని ఆపవు. వెల్డింగ్ అద్దాన్నీ నమ్ముకోకూడదు. 1070 నానోమీటర్లకు ఓ.డి. (కిరణాన్ని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) 6 లేదా అంతకంటే ఎక్కువ అని అద్దం మీదే ముద్రించి ఉండాలి. గుండ్రటి పైపు నుంచి ప్రతిఫలించిన కిరణం ఎటు పోతుందో చెప్పలేం కాబట్టి, పైపు వైపు కూడా మూత ఉన్న యంత్రమే కొనండి.

చేతితో పట్టుకునే "త్రీ ఇన్ వన్" వెల్డింగ్, క్లీనింగ్, కటింగ్ గన్లను కూడా కాంబో అనే అమ్ముతున్నారు. వాటికీ ఇక్కడ చెప్పిన యంత్రాలకూ సంబంధం లేదు. ఆ గన్లతో కొలత ప్రకారం కోయగలమనుకోకండి.

డ్రాయింగు మనిషి సంగతి మరవకూడదు. షీటుకు రెండు కొలతల డి.ఎక్స్.ఎఫ్. డ్రాయింగు ఫైలు చాలు. పైపుకు త్రీడీ మోడల్ గీయాలి, దాన్ని పైపు నెస్టింగ్ సాఫ్ట్‌వేరులోకి (పైపు పొడవులో ముక్కలను సర్దే ప్రోగ్రాములోకి) తీసుకోవాలి, పైపు మూల గుండ్రాన్ని కొలిచి ఇవ్వాలి. ఆ మనిషి లేని షెడ్డులో పైపు వైపు బూజు పడుతుంది. కాంబో కొని ఏడాదికి పైపు వైపు వాడేది పది రోజులే అయితే, షీటు యంత్రం ఒకటి కొని పైపు పని జాబ్ వర్క్‌కు ఇవ్వడం చౌక. ఏడాది తర్వాత గంటలు పెరిగితే అప్పుడు పైపుకే ప్రత్యేక యంత్రం కొనొచ్చు.

మరి కాంబో ఎవరికి? షెడ్డు చిన్నది, ఆపరేటరు ఒక్కడే, ఆర్డర్లు పది, ఇరవై, యాభై చొప్పున రకరకాలుగా వస్తాయి, ఒకే వస్తువులో నాలుగు పైపు ముక్కలూ ఆరు షీటు ప్లేట్లూ ఉంటాయి. అలాంటి చోట కాంబో నిజంగా బాగా పనిచేస్తుంది. పొద్దున షీటు, మధ్యాహ్నం పైపు, సాయంత్రానికి ఒక సెట్టు వెల్డింగ్‌కు సిద్ధం. స్థలం మాత్రం టేపుతో కొలవండి: ఆరు మీటర్ల పైపు, చక్‌లు, ముక్కలు దిగే చోటు కలిపి ఒక వైపు పది మీటర్ల పైనే కావాలి.

కొనే ముందు ట్రయల్‌కు మీ పైపు, మీ డ్రాయింగు తీసుకెళ్లండి. వారి షోరూము పైపు మీద అన్నీ బాగానే తెగుతాయి. 50 × 50 × 2 పైపుకు ఎదురెదురు గోడల్లో కన్నాలు వేయించి, రెండింటిలోంచి ఒకే కడ్డీ దూర్చండి. దూరకపోతే చక్ మధ్య గీత తప్పింది. చక్ దగ్గర ఒకటి, దూరంగా ఒకటి పైపు చుట్టూ కోత వేయించి మొదలూ చివరా కలిశాయా చూడండి. తరువాత షీటు వైపు 12 మి.మీ. ప్లేటు రెండు గంటలు కోయించి, అదే పైపు పరీక్ష మళ్లీ చేయించండి. షీటు నుంచి పైపుకు మారే సమయాన్ని స్టాప్‌వాచ్‌తో కొలవండి. తోక ముక్కను టేపుతో కొలవండి.

బ్యాంకు అధికారులకూ, జిల్లా పరిశ్రమల కేంద్రాల వారికీ ఒక విన్నపం. ప్రాజెక్టు రిపోర్టులో కాంబో లేజర్ కనబడితే, షీటు గంటలూ పైపు గంటలూ మార్పుల సమయమూ కలిపి ఒకే షిఫ్టులో పడుతున్నాయా అని ఒక్క వరుస అడగండి. కొనేవారు పర్చేజ్ ఆర్డరులో చక్ పట్టే కనిష్ఠ, గరిష్ఠ సైజులు, పైపు గరిష్ఠ బరువు, తోక ముక్క పొడవు అంకెల్లో రాయించుకుని, పది శాతం డబ్బు మీ షెడ్డులో ఇవే పరీక్షలు నెగ్గేదాకా ఆపుకోండి.

ఇట్లు,
ఫ్యాబ్రికేషన్ రంగంలో పనిచేస్తున్న కొందరు పాఠకులు,
హైదరాబాద్